వంకర గుర్రం

చదరంగం ఛాంపియన్‌కి ఎదురుగా ఎవరు పడ్డారో గోడమీది జాబితాలో చూసి హాలంతా నవ్వుకుంది. పడింది కళ్లజోళ్ల షాపు అమ్మాయి. ఆమె రేటింగు ఆయనదాంట్లో సగం. నవ్వితే నవ్వనీ, ఈ రోజు కోసం ఆమె ఏళ్ల తరబడి పళ్లు బిగబట్టుకుని కూర్చుంది. రానంటున్న నాన్నని లాక్కొచ్చి వెనక వరసలో కూర్చోబెట్టింది.

ఆ ఛాంపియన్ మహానుభావుడు ఒకప్పుడు వాళ్లింట్లో తిని, ఆ నాన్న దగ్గరే ఆట నేర్చుకున్నవాడు. ఆమె నోరారా అన్నయ్యా అని పిలిచేది. నాన్నకి చేతి వణుకు మొదలైన ఏడాది, ఇదే హాల్లో ఫైనల్లో గురువూ శిష్యుడూ తలపడ్డారు. నాన్న గెలుస్తున్నాడు. ఇంతలో వణికే వేలు మంత్రికి తగిలింది. పొరపాటున తగిలింది, నీకు తెలుసు కదా నాయనా అని నాన్న బతిమాలాడు. ముట్టుకున్న పావు కదపాల్సిందేనని శిష్యుడు రెఫరీ దగ్గర పట్టుబట్టి, ఆ ఎత్తుతో ఆట తిరగబడితే కప్పు ఎగరేసుకుపోయాడు.

"రూలు రూలే మాస్టారూ" అన్నాడు, అదీ నలుగురూ వినేలా. నాన్న మళ్లీ పావు ముట్టలేదు.

ఆటలో వాణ్ణి కొట్టడం తన తరం కాదని ఆమెకి తెలుసు. కానీ ఇంట్లో తిరిగిన మనిషి కాబట్టి వాడి జబ్బొకటి తెలుసు. గెలుపు ఖాయమనిపిస్తే చాలు, ఎదుటివాళ్ల పావు వంకరగా ఉంటే వాడి చెయ్యి ఊరుకోదు. ముందు 'సర్దుతున్నా' అని చెప్పి ముట్టుకోవాలి, లేకపోతే ముట్టుకున్న ఎదుటి పావుని చంపి తీరాలి. సమానులతో చెప్తాడు. తక్కువవాళ్లతో ఆ మాట కూడా దండగ వాడికి.

అందుకే ఆమె రెండు బంట్లు పోగొట్టుకుని మొహం వేలాడేసింది. తర్వాత గుర్రాన్ని తెచ్చి గడి అంచు మీద వంకరగా పెట్టింది. దాన్ని చంపగలిగేది వాడి మంత్రి ఒక్కటే. చంపితే ఆమె బంటు ఆ మంత్రిని మింగేస్తుంది. తల వంచుకుని కూర్చుంది.

వాడు ఆవులించాడు. రెండు వేళ్లతో గుర్రాన్ని పట్టుకుని గడి మధ్యకి జరిపాడు.

ఆమె చెయ్యెత్తి రెఫరీని పిలిచింది. చెప్పకుండా ముట్టుకున్నాడు, చంపాల్సిందే అంది. పక్క బల్లలవాళ్లు లేచి వచ్చారు. రెఫరీ అడిగితే వాడు కాదనలేకపోయాడు.

"సర్దానంతే చెల్లెమ్మా, నీకు తెలుసు కదా" అన్నాడు గొంతు తగ్గించి.

"రూలు రూలే అన్నయ్యా" అంది, ఆఖరి వరసకి వినపడేలా.

వాడి మంత్రి పోయింది, కాసేపటికి ఆటా పోయింది. ఆమెకి కడుపు చల్లబడింది.

అప్పుడు నాన్న లేచి వచ్చాడు. బల్లమీది గుర్రాన్ని అందుకోబోతే చెయ్యి వణికి రెండు బంట్లు దొర్లాయి. శిష్యుడు గబుక్కున వాటిని నిలబెట్టబోయాడు.

"చెయ్యి తియ్యి" అన్నాడు నాన్న.

వాడు తీశాడు. నాన్న ఎంతసేపు పట్టినా పావులన్నీ తనే సర్దుకున్నాడు. అయ్యేదాకా వాడు అక్కడే నిలబడ్డాడు.