స్వయంగా విన్నాను

పరాయి దేశంలో పాఠాలు చెప్పడానికి టీచరమ్మకు వీసా ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. సర్టిఫికెట్లన్నీ ఫైల్లో చేరాయి గానీ, హెడ్మాస్టరు ఇవ్వాల్సిన సిఫార్సు ఉత్తరం ఒక్కటే మిగిలింది. దానికోసం ఆయన గది చుట్టూ తిరిగి తిరిగి ఆమె చెప్పులు అరిగాయి.

"నాకు తీరికెక్కడిదమ్మా? మీరే రాసి పట్రండి, సంతకం పడేస్తా," అన్నాడాయన చివరికి.

తన డప్పు తానే కొట్టుకోవడం ఎంత చచ్చేచావో ఆమెకు ఆ పూట తెలిసింది. 'ఎంతో ఓర్పు గల మనిషి' అని పళ్లు నూరుకుంటూ రాసింది. 'ఈమె పాఠాలు ఎన్నోసార్లు స్వయంగా కూర్చుని విన్నాను' అని రాసేటప్పుడైతే ఒళ్లు మండిపోయింది. పదిహేనేళ్లలో ఆ మహానుభావుడు ఆమె క్లాసు గడప తొక్కితే ఒట్టు.

మర్నాడు ఆయన కాగితం చదవనైనా లేదు. ఫోన్లో ఎవరితోనో నవ్వుతూనే సంతకం గీకేసి, స్టాంపు గుద్ది చేతిలో పెట్టాడు. ఆమె గుమ్మం దాకా వెళ్లాక, ఫోను పక్కన పెట్టి ఆప్యాయంగా పిలిచాడు.

"మీ స్థానంలో ఇంకొకర్ని చూసుకోవాలి కదమ్మా. ఇంతకీ మీరు చెప్పేది లెక్కలా, సైన్సా?"

"ఉత్తరంలో మీరే రాశారు కద సార్," అంది టీచరమ్మ, ఫైలు చంకలో పెట్టుకుంటూ.