ఎండిన బోరులో మంచినీళ్లు

హబ్సిగూడలో కొమురెల్లి జిరాక్స్ షాపుకు ఏప్రిల్ నెల మంచి గిరాకీ కాలం. యూనివర్సిటీ పిల్లలు ప్రాజెక్టు రిపోర్టుల కోసం బారులు తీరతారు. పాత రిపోర్టులు అతని అటక నిండా ఉన్నాయి. పేరున్న మొదటి పేజీ మార్చి, బైండింగ్ చేసి ఇచ్చేస్తాడు. అడిగిన సరుకు ఇవ్వడంలో తప్పేముందని అతని లెక్క.

ఆ రోజు ప్రజ్ఞ, గౌతమ్ అనే విద్యార్థులు పెన్‌డ్రైవ్‌తో వచ్చారు. నాచారం బోరునీళ్ల మీద వాళ్ల ప్రాజెక్టు.

"గింత దానికి ఎండల తిరిగిన్రా బిడ్డా! నా దగ్గర తయారుగున్నది. ఏడేండ్ల సంది అందరు పాసైతనే ఉన్నరు," అంటూ పాత రిపోర్టు కౌంటరు మీద వేశాడు.

ప్రజ్ఞ పేజీలు తిప్పి నవ్వేసింది. "అంకుల్, మూడో నంబరు బోరు చూడండి. పోచమ్మ గుడి వెనక గల్లీ. నీళ్లు తాగడానికి భేషుగ్గా ఉన్నాయట."

"అది నాచారంల మా ఇంటి గల్లీ బోరే! ఎండి ఐదేండ్లాయె. మోటారు గూడ గుంజుకపోయిన్రు!"

"పోయినేడు పాసైనవాడు కూడా అందులో నీళ్లు తాగొచ్చాడు అంకుల్," అన్నాడు గౌతమ్.

కొమురెల్లి నవ్వబోయి ఆగాడు. "పక్కన కొత్త బోరు ఏసిన్రు గద. మా ఇంటామె సాలమ్మ దాంట్లనే బిందె నింపుతది. గదెట్లున్నది?"

"మూడుసార్లు పరీక్ష చేశాం. ఫ్లోరైడ్ ఎక్కువ. తాగొద్దు," అంది ప్రజ్ఞ.

మనవరాలి స్కూలు సీసా అతని కళ్లముందు మెదిలింది. వెంటనే ఫోన్ తీశాడు. "సాలమ్మా, బోరు నీళ్లు తాగకుండ్రి! పోరి సీసల నల్లా నీళ్లే పొయ్యి!"

తర్వాత ప్రజ్ఞ వైపు తిరిగాడు. "ఎన్ని కాపీలు గావాలె?"

"నాలుగు. కాలేజీ బీరువాలోకి మూడు, గైడుకు ఒకటి."

"మరి ఆ నీళ్లు తాగేటోళ్లకు?"

ఆ ఆలోచనే ఇద్దరికీ తట్టలేదు.

"తెలుగుల ఒక్క కాయిదం రాయుండ్రి, పెద్దక్షరాలల్ల. మిషిన్ నాది!"

సాయంత్రానికి వంద కాగితాలు నాచారం గల్లీల గోడలెక్కాయి. జనం మూగారు. "మా బోరు గూడ సూడు బిడ్డా," అంటూ సీసాలు తెచ్చారు. కౌసల్యమ్మ అనే ముసలామె నిలదీసింది: "వానకాలంల మా నీళ్లు ఎర్రగొస్తయ్. గది రాసిన్రా?"

రాయలేదు. గౌతమ్ ఉత్సాహంగా అక్కడే రాసుకున్నాడు.

వరుసగా నిలిచిన సీసాలను చూస్తూ కొమురెల్లి అన్నాడు: "ఇన్నేండ్లు ఒక్క అబద్ధాన్ని వందసార్లు గుద్దిన. ఇయ్యాల ఒక్క నిజాన్ని వందసార్లు గుద్దిన. మిషిన్ అదే, బిడ్డా!"

మర్నాడే అటక మీది పాత రిపోర్టులు చిత్తుకాగితాల బండెక్కాయి.

చదువుకునేవారు గుర్తుంచుకోవాలి: కాపీ కొట్టిన చదువైనా, బీరువాలో దాచిన చదువైనా ఎండిన బోరే, దానితో ఒక్క బిందె కూడా నిండదు.