మిల్లు ఆగిన పండుగ పొద్దు

1964 క్రిస్మస్ నాడు తెల్లవారుజామున, బోధన్‌లో ఫ్యాక్టరీ క్వార్టర్ల చర్చి ముందు, మొదటి పాట రాధాబాయి ఎత్తింది. అంతకుముందు ఏటేటా ఎత్తింది వసంతమ్మ. ఆ పొద్దు వసంతమ్మ కూడా అక్కడే ఉంది. రెండుసార్లు ఎత్తి వదిలేసింది. ఆమె భర్త బాలన్న పక్కనే నిలబడి విన్నాడు.

బాలన్న చక్కెర ఫ్యాక్టరీలో ఆయిల్‌మన్. చెరుకు నలిపే రోలర్ల బేరింగులకు నూనె పోయడం ఆయన పని. సీజన్ మొదలైతే మిల్లు రాత్రింబగళ్ళు తిరుగుతుంది, క్రిస్మస్ ఎప్పుడూ సీజన్ నడుమనే వస్తుంది. పండుగ ముందటి రాత్రి షిఫ్టు ఎవరికీ ఇష్టం ఉండదు. పగలంతా ఇంట్లో ఉండొచ్చని బాలన్న ఏటేటా దాన్నే ఒప్పుకునేవాడు. ఆయన డ్యూటీ దిగి, నూనె బట్టలు విప్పి, స్నానం చేసి వచ్చేసరికి పాటల గుంపు క్వార్టర్ల లైన్లన్నీ తిరిగి చర్చికి చేరేది. పెండ్లాం ఎత్తే మొదటి పాట ఆయన ఒక్కనాడూ వినలేదు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు.

పట్టింది ఆ ఏడే. కారణం రాధాబాయి ఇంటి రేడియో.

రాధాబాయి భర్త నర్సన్న ఫ్యాక్టరీ దవాఖానాలో కాంపౌండర్. వానాకాలంలో నిజామాబాద్ నుంచి బదిలీ మీద వచ్చాడు. రాధాబాయి అక్కడ మిషన్ బడిలో పిల్లలకు పాటలు నేర్పిన మనిషి. వాళ్ళ సామానులో ఒక హార్మోనియం పెట్టె, ఒక రేడియో దిగాయి. క్వార్టర్ల కిరస్తానీ ఇండ్లలో అదే మొదటి రేడియో. నర్సన్న వెదురుబొంగు పాతి దానికి తీగ కట్టాడు. డిసెంబరు రాగానే సాయంత్రాలు సిలోన్ స్టేషన్ ఇంగ్లీషు క్రిస్మస్ పాటలు వేయడం మొదలుపెట్టింది. రాధాబాయి రేడియోను కిటికీలో పెట్టి, అరుగు మీద చాప పరిచింది.

మొదట పిల్లలు వెళ్ళారు, తర్వాత ఆడవాళ్ళు. తర్వాత వసంతమ్మ అత్త పెంటవ్వ గొంగడి కప్పుకొని, పీట చంకన పెట్టుకొని వెళ్ళింది. చివరికి పగటి షిఫ్టు దిగి బాలన్న కూడా ఇంటికి రాకముందే అక్కడ ఆగడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం రొట్టె తింటూ బాలన్న ఆ పాటల సంగతి ఎత్తాడు. పసిపోరలు గుంపుగా పాడారట. ఒకడి గొంతు పైకి పోతే మిగిలినవి కింద నిలబడ్డాయట.

"గసొంటి పాట నేనెన్నడు ఇనలే," అన్నాడు.

వసంతమ్మ పెనం మీది రొట్టె తిప్పింది. "ఏమర్థమైంది నీకు?"

"అర్థమైతేనే ఇంటరా? పిట్ట అరిస్తే ఇంటలేమా?"

"నా పాట ఇన్నవా ఎన్నడన్న?"

బాలన్న ఆలోచించాడు. ఆరాధనలో అందరితో కలిసి పాడుతుంటే విన్నానన్నాడు. అది కాదని, చర్చి ముందు ఎత్తే పాట అని ఆమె చెప్పింది. అప్పుడు తాను మిల్లులో ఉంటాను కదా అన్నాడు. మిల్లులో పక్కమనిషి అరిచినా వినపడదు, చేతులతో సైగ చేసుకుంటాం అని కూడా అన్నాడు. ఆమెకు అదంతా తెలుసు.

పీట చంకన పెట్టుకొని అప్పుడే లోపలికి వచ్చిన పెంటవ్వ ఆ మాట పట్టుకుంది. "నీ పాట యాడికి పోతది పిల్లా, ఇంట్ల మేకలెక్క కట్టేసే ఉంటది. గది సముద్రం దాటి వస్తున్నదట. రేపు గాలి మళ్ళితే రాదు."

వసంతమ్మ సముద్రాన్ని చూడలేదు. నిజాంసాగర్ కట్ట మీద నిలబడి నీళ్ళు చూసింది, అంతే. ఆ రాత్రి ఆమె రొట్టె తినలేదు.

పండుగ పాటలకు క్వార్టర్లలో ఒక పద్ధతి ఉంది. తెల్లవారుజామున అందరూ చర్చి ముందు కూడుతారు. పోశయ్య ఢోలక్ తెస్తాడు, ఇద్దరు తాళాలు పట్టుకుంటారు. ఒక మనిషి పాట ఎత్తుతుంది, మిగిలినవారు అందుకుంటారు. ఎత్తిన మనిషి ఏ శ్రుతి పట్టుకుంటే అందరిదీ అదే. అక్కడి నుంచి లైను లైను తిరిగి, ఒక్కో తలుపు ముందు ఒక్కో పాట పాడతారు. వసంతమ్మ ఎత్తే మొదటి పాట యేసు పుట్టిన పశువుల కొట్టం పాట. అది ఆమె తల్లి ఇందల్వాయిలో పాడిన పాట. దాని రెండో చరణంలో గొంతు పైకి పోతుంది. ఆ చోట వసంతమ్మ ఎన్నడూ తప్పలేదు.

పాటలు సాధన చేయించేది కూడా ఆమే. ఆ ఏడు ఆమె సాధన వేళ మార్చింది. రేడియోలో ఇంగ్లీషు పాటలు వచ్చే వేళకే చర్చికి రావాలని అందరికీ కబురు చెప్పింది. కారణం ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

మొదటి సాయంత్రం పోశయ్య ఒక్కడే వచ్చాడు. ఇద్దరూ చర్చి మెట్ల మీద కూర్చున్నారు. పక్క లైను నుంచి రేడియో సన్నగా వినిపిస్తోంది. పోశయ్య వేళ్ళు ఆ పాట దెబ్బకు ఢోలక్ మీద ఆడసాగాయి. వసంతమ్మ ఢోలక్ మీద అరచెయ్యి పెట్టి ఆపింది.

మరునాడు కూడా అంతే. కాసేపు చూసి ఆమె ఇంటికి పోయి, నీళ్ళకని బిందె పట్టుకొని నల్లా దగ్గరికి వెళ్ళింది. నల్లా రాధాబాయి ఇంటి వెనక ఉంది. బిందె నిండి పొర్లుతున్నా ఆమె చూడలేదు. లోపల రేడియోలో ఆడపిల్ల ఒకతె ఒంటరిగా పాడుతోంది. పాట అయిపోయాక వసంతమ్మ బిందె ఎత్తుకుంది, చీర మోకాళ్ళ దాకా తడిసింది. పొద్దున పిండి పిసుకుతుంటే ఆ వరస ఆమె నోటికి వచ్చింది.

పెంటవ్వ తల తిప్పింది. "గిది రేడియోల పాట గాదా?"

"కాదు."

"అదే."

"కాదంటున్న గదత్తా," అని వసంతమ్మ పిండి మీద నీళ్ళు చల్లింది.

మూడో సాయంత్రం రాధాబాయి రేడియో కట్టేసి, హార్మోనియం పెట్టె నర్సన్నతో మోయించుకొని సాధనకు వచ్చింది. అరుగు మీది జనమంతా ఆమె వెంట వచ్చారు. చర్చి నిండింది. తాను పిలిస్తే రాని మనుషులు ఆమె వెనక వరుసగా రావడం వసంతమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. రాధాబాయి ఆమెను అక్కా అని పిలిచి, పక్కన కూర్చోవచ్చా అని అడిగింది. వసంతమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది.

సాధన మొదలైంది. వసంతమ్మ ఒక పాట ఎత్తింది, రాధాబాయి పెట్టె మీద ఆ శ్రుతి వెతికి పట్టుకుంది. ఇంకో పాట ఎత్తింది. మూడోది ఎత్తింది. రాధాబాయి వేలు అదే మెట్టు మీద ఉంది.

"అక్కా, నువ్వే పాటైనా గీ మెట్టు మీదనే ఎత్తుకుంటున్నవ్," అన్నది రాధాబాయి. "ఒక్కసారి అందరు సప్పుడు సేయకుండ్రి." ఆ మెట్టును కాసేపు నొక్కి వదిలింది. చర్చిలో మిల్లు హోరు మిగిలింది. "సూడుండ్రి, మిల్లు గూడ గదే మెట్టు."

పోశయ్య బయటికి పోయి చెవి ఒగ్గి వచ్చాడు. "నిజమే. ఇన్నేండ్ల సంది మిల్లే మనకు పెట్టె వాయించింది వదినా. దానికి గూడ పండుగకు ఒక పంచె పెట్టాలె."

అందరూ నవ్వారు. బాలన్న కూడా నవ్వాడు. రాధాబాయి నవ్వలేదు, పెట్టె లేకుండా ఏటేటా ఒకే శ్రుతి నిలబెట్టడం అందరి చేతా కాదని, ఇది గొప్ప సంగతి అని చెప్పబోయింది. వసంతమ్మ వినలేదు. ఆమెకు వినిపించింది ఒక్కటే: ఆ గొంతు నీది కాదు, మిల్లుది.

చివరికి పెద్దలు ఒక మాట అనుకున్నారు. పెట్టెను మోసుకొని లైన్లన్నీ తిరగలేరు, కనుక అది చర్చిలోనే ఉంటుంది, ఆరాధనలో పాటలు రాధాబాయి చూసుకుంటుంది. చర్చి ముందు పాట మాత్రం ఎప్పటిలా వసంతమ్మదే.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ వసంతమ్మ బాలన్నతో చెప్పింది, ఈ ఏడు ఆయన పాటకు రావాలని.

"డ్యూటీ ఉంటది గద."

"గా రేడియోకు పోను తీరిక దొరుకుతది. నా పాటకు దొరకదు."

బాలన్న దారిలోని రాయిని కాలితో పక్కకు నెట్టాడు. తర్వాత అడిగి చూస్తానన్నాడు.

ఆయన ఇంజనీరును అడిగాడు. బాలన్న అడిగాడని తెలిసి, మిల్లులో పనిచేసే మరికొందరు కిరస్తానీలు కూడా ఆ రాత్రికే సెలవు అడిగారు. ఇంజనీరు లెక్క వేసుకున్నాడు. చెరుకురసం మరగబెట్టే గిన్నెలకు లోపల గార కడుతుంది. సీజన్‌లో అప్పుడప్పుడు మిల్లు ఆపి ఆ గార గీకిస్తారు. ఆ వారం ఎలాగూ గీకించాల్సి ఉంది. మనుషులు తక్కువ ఉండే రాత్రే ఆ పని పెడితే సరిపోతుందని, పండుగ ముందటి రాత్రికి పెట్టాడు.

బాలన్న వచ్చి చెప్పాడు, మిల్లు బంద్ పెడుతున్నారని, తనకు సెలవు దొరికిందని. వసంతమ్మ ఆ పూట బెల్లం వేసి పాయసం వండింది. మిల్లు బంద్ అన్న మాట మీద ఎవరూ ఆగలేదు.

పండుగ పొద్దున ఆమె అందరికంటే ముందు చర్చి దగ్గరికి వెళ్ళింది. బాలన్న మఫ్లరు చుట్టుకొని వెంట వచ్చాడు. పోశయ్య ఢోలక్‌ను మంటకు కాచుకొని తెచ్చాడు. రాధాబాయి లాంతరు పట్టుకొని వచ్చి వసంతమ్మ పక్కన నిలబడింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిన చెరుకుబండ్ల ఎడ్ల మెడల్లో గంటలు వినిపిస్తున్నాయి. రెండో లైనులో ఎవరో దగ్గుతున్నారు. మామూలు రోజుల్లో అవేవీ చర్చి దాకా వినిపించవు.

వసంతమ్మ అలవాటు కొద్దీ చెయ్యి చెవి దగ్గర పెట్టుకొని పాట ఎత్తింది. మొదటి చరణం నడిచింది. రెండో చరణంలో గొంతు పైకి పోవాల్సిన చోట పోలేదు. వెనక ఆడవాళ్ళు అందుకోబోయి ఆగిపోయారు. ఆమె దగ్గి, మళ్ళీ ఎత్తింది. ఈసారి మరీ కిందికి పోయింది. ఢోలక్ మోతలో మాటలు మునిగిపోయాయి. ఆమె తానే ఆపింది.

"ఏమైందొదినా, గొంతు పట్టిందా?" అన్నాడు పోశయ్య.

వసంతమ్మ బాలన్న వైపు చూసింది. ఆయన తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

అప్పుడు రాధాబాయి నోరు తెరవకుండా, ముక్కుతో సన్నగా ఒక శ్రుతి పట్టింది. పక్కనున్న వసంతమ్మకు తప్ప మరెవరికీ వినిపించనంత మెల్లగా పట్టింది. అది మిల్లు శ్రుతి. వసంతమ్మ వెంటనే గుర్తుపట్టింది. అందుకుంటే పాట నడిచేది. అందుకుంటే అది రాధాబాయి ఇచ్చిన శ్రుతి అవుతుంది. ఆమె పెదవులు బిగించింది.

చలిలో ముసలివాళ్ళు నిలబడ్డారని, ఎవరో ఒకరు ఎత్తమని వెనక నుంచి ఒక పెద్దమనిషి అన్నాడు. రాధాబాయి ఇంకొంచెం ఆగింది. తర్వాత ఎత్తింది.

ఆమె ఎత్తింది ఇంగ్లీషు వరస కాదు. వసంతమ్మ పశువుల కొట్టం పాటే. వసంతమ్మ ఊపిరి తీసే చోటే ఊపిరి తీసింది, వసంతమ్మ సాగదీసే మాటనే సాగదీసింది. రెండో చరణంలో గొంతు పైకి పోయింది. పల్లవి మళ్ళీ వచ్చినప్పుడు బాలన్న కూడా పాడాడు. బాలన్న పాడగా వసంతమ్మ అంతకుముందు వినలేదు.

గుంపు మొదటి లైనులోకి నడిచింది. మూడో ఇల్లు బాలన్నది. పెంటవ్వ గొంగడి కప్పుకొని గడపలో కూర్చుంది. ఏటేటా ఆమె మొదటి పాట అక్కడి నుంచే వింటుంది. మిల్లు హోరు లేకుండా కోడలి పండుగ పాట ఆమె ఎన్నడూ వినలేదు.

"రెండుసార్లు ఆగింది ఎవలే?" అని అడిగింది.

పోశయ్య ఢోలక్ తాడు బిగించుకుంటున్నాడు.

"మూడోపారి ఎత్తింది నువ్వే గద వసంతా?"

రాధాబాయి లాంతరుతో వసంతమ్మ వెనకనే ఉంది. బాలన్న ఆమె వెనక ఉన్నాడు.

"నేనే అత్తా," అన్నది వసంతమ్మ.

"మంచిగెత్తినవ్. నీ గొంతు గింత మంచిగుంటదని నాకు తెల్వనే తెల్వదు. రేడియో దేనికి పనికొస్తది దీని ముంగట."

రాధాబాయి లాంతరు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకొని, ఆ గడప ముందు పాడాల్సిన పాట ఎత్తింది. మిగిలిన ఇండ్ల ముందు కూడా ఆమే ఎత్తింది. వసంతమ్మ వంత పాడింది. ఆరాధనలో రాధాబాయి పెట్టె వాయించింది.

మధ్యాహ్నం నర్సన్న, రాధాబాయి పండుగ పలకరింపుకు బాలన్న ఇంటికి వచ్చారు. వసంతమ్మ గారెలు పెట్టి, ఛాయ్ కోసం లోపలికి వెళ్ళింది. పొయ్యి దగ్గరికి మాటలు వినిపిస్తున్నాయి. అంతకుముందు వచ్చిన వాళ్ళందరికీ చెప్పినట్టే పెంటవ్వ రాధాబాయికి కూడా చెప్పింది, మూడోసారి ఎత్తింది తన కోడలేనని. చెప్పి, "ఇన్నవా బిడ్డా?" అని అడిగింది.

"ఇన్న అవ్వా," అన్నది రాధాబాయి.

బాలన్న గారె తింటున్నాడు. ఇంకోదానికి చెయ్యి చాపాడు.