ముక్కు మూయని కొంగ

నేను ఒక కలాన్ని. సిరా పోసి జేబుకు తగిలించుకునే రకం అనుకునేరు, ఆ మాటకే నాకు ఒళ్లు మండుతుంది. నేను వెదురు పుల్లను. శ్రీకాళహస్తిలో మునిలక్ష్మి నన్ను చెక్కి, మొన తీసి, నడుముకు పాత కంబళి ముక్క చుట్టి దారం బిగించింది. కంబళి రంగు తాగుతుంది, ఆమె వేళ్లు నొక్కితే ఆ రంగు మొనకు దిగుతుంది. కలంకారీ బట్టల మీద మీరు చూసే నల్లగీత నాలాంటి వాళ్లదే. మెచ్చుకోలు మాత్రం ఎప్పుడూ బట్టకే.

పుట్టినప్పటినుంచీ నా చేత వేయించింది చిలకలూ నెమళ్లే. షాపు యజమాని చెంగల్రాయులు ఇచ్చిన చిల్లుల కాగితం ఒకటుంది. దాన్ని బట్ట మీద పరిచి బొగ్గుపొడి అద్దితే చుక్కలు పడతాయి. ఆ చుక్కల వెంట నేను నడవాలి. అదే మెడ, అదే తోక, అదే చేప కన్ను. ఇన్ని పక్షుల్లో ఒక్కటైనా ఎగరగలదా అని ఎవరూ అడగలేదు. ఒకప్పుడు బొమ్మలన్నీ సొంతంగా ఊహించి వేసిన మునిలక్ష్మి కూడా ఇప్పుడు గీస్తూ గీస్తూ కునికేది.

“ఈ బట్ట అయినాక మానేస్తా వదినా. బొమ్మ వేస్తాంటే నిద్దర వస్తాంది,” అంది ఒకరోజు పక్కింటి రాజేశ్వరితో. ఆమె మానేస్తే నేను పొయ్యిలో పుల్లనవుతానని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

రంగులద్దిన బట్టను ఉతకడానికి నన్ను కొప్పులో గుచ్చుకుని స్వర్ణముఖి ఏటికి వెళ్లింది. నీటి మడుగులో నత్తగుల్ల కొంగ ఒకటి నిలబడి ఉంది. ముక్కు మూసినా మధ్యలో సందు. ఆ సందున్న ముక్కుతోనే నత్తను పట్టి, గుల్లలోంచి మాంసం లాగింది. మునిలక్ష్మి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. చేతిలోని బట్ట జారి కొట్టుకుపోతుంటే మోకాలి లోతుకు దిగి పట్టుకోవాల్సి వచ్చింది.

మర్నాడు నోటుపుస్తకం, కొబ్బరి చిప్పలో నల్లరంగు తీసుకుని మళ్లీ వెళ్లింది. ఇంతకాలం ఈ పనిలో ఉన్న మనిషి, ఇనుప తుప్పుతో చేసే మా నల్లరంగు కరక్కాయ పట్టించిన బట్ట మీద తప్ప నల్లబడదని మరిచిపోయింది. కాగితం మీద నా గీత వెలిసిన తుప్పు మరకైంది. అంత అవమానం నేనెన్నడూ పడలేదు.

ఆ తర్వాత కరక్కాయ బట్ట పీలికలు తెచ్చుకుంది. బొగ్గు గీత లేదు, చుక్కలు లేవు. కొంగ కదిలితే నేనూ కదలాలి, తప్పు పడితే చెరిపే దారి లేదు. ఒక కొంగకు మూడు మెడలు వేయించింది. పద్ధతిగా పెరిగిన కలానికి ఇదేం ఖర్మ అని నేను కుతకుతలాడాను. ఆమె మాత్రం మడుగులో నీళ్లెంత ఉన్నాయో, కొంగ ఏ కాలు ఎత్తిందో పీలిక అడుగున రాసుకుంటూ కూర్చుంది. కునుకు రాలేదు.

కొత్త బట్టకు నెమళ్లు మానేసి అంచంతా ఆ కొంగనే వేసింది. బట్ట కోసం ఇంటికి వచ్చిన చెంగల్రాయులు ముఖం ముడుచుకున్నాడు.

“ఏందమ్మా ఇది? ముక్కు మద్దెన సందు వొదిలేసినావు. నల్లగా పూసెయ్.”

“దాని ముక్కే అంతన్నా. నేను చూసినాను.”

“కొనేటోళ్లు చూసినారా? పూసెయ్. లేదంటే నాకొద్దు.”

ఆమె నన్ను రంగులో ముంచింది. తెచ్చి ఆ సందు మీదే ఆపింది. నా మొన మీద బొట్టు వేలాడుతోంది. మూడు మెడల అవమానం పడి నేర్చుకున్న ముక్కు అది. దాన్ని నా చేతే పూడ్పిస్తుందా? కోపంతో విరిగిపోవాలనిపించింది.

ఆమె కంబళిని చిప్ప అంచుకు ఒత్తి అదనపు రంగు తీసేసింది. ఆ సందులో చిన్న నత్తను గీసింది.

“ఇప్పుడు దాన్ని ముక్కు మూయమను చూద్దాం అన్నా,” అంది.

ఆయన బట్ట తీసుకోకుండానే వెళ్లిపోయాడు. ఆమె పని మానలేదు. పీలికల మూట పెరుగుతూనే ఉంది.

నత్తలు గీసీ గీసీ నా మొన చీలింది. ఇప్పుడు ఆమె చేతిలో కొత్త కలం. నన్ను పారేయలేదు, కొప్పుకు పుల్లను చేసింది. రోజూ ఏటికి తీసుకెళుతుంది. పక్షులన్నీ ఆమె ముందుంటాయి, నేను వెనక ఉంటాను. ఆ ముక్కును బట్ట మీద నిలబెట్టిన నాకు ఇప్పుడు కనిపించేది ఇసుక ఒక్కటే.