కిటికీ వైపు తిరిగిన టీవీ

మూడో చుట్టు తిప్పి జంగు ఆగాడు. నాలుగోదానికి తొందరపడితే లాభం లేదు. వాల్వ్ గుంతలోకి దింపిన పొడవాటి ఇనుప పానా పిడికి కుడి చెవి ఆనించి, కళ్లు మూసుకుని విన్నాడు. ముందు గాలి బుసకొట్టింది. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నట్టు గరగరమంది. అప్పుడు నాలుగో చుట్టు తిప్పి లేచి నిలబడ్డాడు. బిందెలతో నల్లాల దగ్గర కూర్చున్న ఆడవాళ్లకు మాత్రం ఇంకా ఒక్క చుక్క కనబడలేదు.

"ఏంది జంగన్నా, ఇయ్యాల నీళ్లు రావా?"

"జర ఆగుండ్రి. వస్తున్నయ్."

వచ్చాయి. జంగు ఆగమన్నాడంటే నీళ్లు వచ్చినట్టేనని అంకిస ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇరవై రెండేళ్లుగా గ్రామపంచాయతీలో నీళ్లు వదిలే పని అతనిది. ఏడు వాడలు, ఏడు గుంతలు. పొద్దున్నే మొదలుపెడితే తొమ్మిదిన్నరకు ముగుస్తుంది. పొట్టి మనిషి, నల్లటి గట్టి ఒళ్లు. పానా మోసి మోసి కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి జారింది. గుంతల దగ్గర మోకరిల్లీ మోకరిల్లీ ఖాకీ ప్యాంటు ఎడమ మోకాలు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పైపు ఎక్కడ పగిలిందో ఇంజనీరు వచ్చి తవ్వించేలోపు జంగు చెవితో విని చెప్పేస్తాడు. ఆ సంగతి అతనికీ తెలుసు. అందుకే నడకలో కాస్త దర్జా ఉంటుంది, ఉంటే తప్పేమీ లేదు.

వరస తప్పించడమన్నది అతని దగ్గర లేదు. సర్పంచ్ ఇంట్లో పెళ్లైనా, తాలూకా నుంచి సాహెబ్ వచ్చినా వాడ వంతు వచ్చాకే నీళ్లు. ఒక్కదానికే మినహాయింపు. వాడలో ఎవరైనా పోతే, ఏ వేళైనా సరే, ఆ వాడకు నీళ్లు వదలాలి. శవానికి స్నానం చేయించాలి, ముట్టుకున్నవాళ్లు తలస్నానం చేయాలి, ఇళ్లు కడుక్కోవాలి. అందుకని ఊరంతా వాటిని వేళగాని నీళ్లు అంటారు. సాయంత్రం పూట నల్లా మోగిందంటే ఎవరూ బిందె పట్టుకుని ఉరకరు. ఎవరింట్లో అని అడుగుతారు.

ఏడో వాడ అతని సొంత వాడ. అక్కడి గుంత సరిగ్గా సోమక్క వసారా ముందుంటుంది. నాలుగేళ్ల కింద తుంటి విరిగినప్పటి నుంచి సోమక్క ఆ వసారాలో నులకమంచం మీదే ఉంది. కూడూ నీళ్లూ ఆమె అన్న బిడ్డ రేఖ చూస్తుంది, కాలక్షేపానికి జంగు ఇంటి టీవీ. దారికి అటు సోమక్క వసారా, ఇటు జంగు కిటికీ. సాయంత్రం ఏడు కొట్టగానే జంగు తన పాత డబ్బా టీవీని స్టూలుతో సహా కిటికీ వైపు తిప్పుతాడు. మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టింది కూడా అతనే. నీళ్ల ట్యాంకు మరమ్మతులో మిగిలినవి తెచ్చి, పడుకునే మనిషికి కిటికీ గట్టు అడ్డం రాకుండా ఎంత ఎత్తు కావాలో తను పడుకుని చూసి మరీ పెట్టాడు.

దారి దాటి శబ్దం రాదు. వచ్చినా సోమక్క చెవులకు ఎక్కదు. ఆమె బొమ్మలు చూసి కథ తనే అల్లుకుంటుంది. మర్నాడు జంగు గుంత దగ్గర మోకరిల్లినప్పుడు ఆ కథ చెబుతుంది. సీరియల్లో దేవతలాంటి పెద్దకోడలు సోమక్క కథలో దొంగమొహం. ఏడుస్తూ తిరిగే చిన్నకోడలు గుండెలు తీసిన బంటు. నాలుగేళ్లుగా వింటున్న జంగుకు అసలు కథ చప్పగా అనిపించి, టీవీ ముందు కూర్చుంటే నిద్ర వస్తుంది.

"ఏందిరా జంగూ," అంది సోమక్క ఈ పొద్దు, అతను పానా దించుతుండగానే. "నిన్న టీవీల అందరు గంత పొట్టిగైండ్రేంది?"

నిన్న సాయంత్రం టీవీలో బొమ్మ పైనా కిందా అణిగిపోయి జానెడు పట్టీ మిగిలింది. నెత్తిన రెండు దెబ్బలు వేసినా లేవలేదు.

"బొమ్మ జర అణిగింది సోమక్కా."

"అణుగుడు గాదు. ఆ పెద్దకోడలు బియ్యం దాస్తున్నదని నేను మొన్ననే చెప్పిన గాదు? తిండిలేక గిట్లైండ్రు పాపం. ఇయ్యాల సూడు, చిన్నకోడలు తాళంచెవులు గుంజుకుంటది. రేపు పొద్దుగాల చెప్త."

ఆమె మాట మామూలుకంటే నెమ్మదిగా ఉంది. వసారా గట్టు మీద చాయ్ గ్లాసు నిండుగా, మీగడ కట్టి ఉంది.

"రెండు దినాల సంది ఏం సయిస్తలేదు," అంది రేఖ నాట్లకు పోతూ.

"వానకాలం గట్లనే ఉంటది. ఎండ కొడితే అదే సర్దుకుంటది," అన్నాడు జంగు. పైపుల గురించి చెప్పినంత ధీమాగా చెప్పాడు.

తొమ్మిదిన్నరకు వాల్వ్ కట్టేసి ఇంట్లోకి వస్తే, భార్య ఆశ సిరొంచకు పోయే చీర కట్టుకుని నిలబడి ఉంది. అయిదేళ్లుగా ఆమె పలచటి టీవీ కొందామంటుంది, అయిదేళ్లుగా అతను ఆగుదామంటాడు. వానాకాలంలో ఉరుములకు కాలిపోతుందన్నాడు. ఎండాకాలంలో వోల్టేజి ఉండదన్నాడు. చలికాలానికి మరే సాకూ దొరక్క, ధర ఇంకా దిగుతుందన్నాడు. అసలు సంగతి ఆశకు తెలుసు. కిటికీకి ఎదురుగోడకు వంటింటి తలుపూ వడ్ల గుమ్మీ ఉన్నాయి. పలచటి టీవీని రోజూ స్టూలు మీద తిప్పితే పడిపోతుంది, గోడకు బిగించాలంటే పక్కగోడకే బిగించాలి. పంచాయతీ ఆఫీసులో అలాగే ఒకటి బిగించారు. తలుపు దగ్గర నిలబడి పక్క నుంచి చూసే జంగుకు దానిలో మనుషులెప్పుడూ నల్లటి నీడలుగానే కనబడ్డారు. సోమక్కకు నీడలు చూపించడం అతనికి ఇష్టం లేదు. మన ఇంటికి ఎత్తుకొచ్చి కూర్చోబెడదామని ఆశ అడిగి చూసింది. తుంటి కదిపితే ప్రాణం పోతుందని సోమక్క ఒప్పుకోలేదు.

కానీ ఇప్పుడు పాతది కూడా జానెడయింది. ఇంకా ఆగితే ఆ జానెడు కూడా ఉండదు.

"చూసొద్దం నడువు. నచ్చకుంటే తేను," అన్నాడు జంగు.

"ఆ మాట అయిదేండ్ల సంది ఇంటున్న," అంది ఆశ, గొడుగు తీసుకుంటూ.

సిరొంచ బజారులో మోయిజ్ టీవీల దుకాణం. జంగును చూడగానే మోయిజ్ నవ్వాడు. ఏటా ఒకసారి వచ్చి అన్నీ చూసి చాయ్ తాగి వెళ్లిపోయే గిరాకీ కదా.

"ఆవో జంగూభాయ్! ఇంక ఎన్నేండ్లు ఆగుతవ్? నువ్వు కొనేనాటికి నేను దుకాణం బంద్ చేసి నమాజులు చదువుకుంట కూసుంట."

"ఇయ్యాల జర పరేషాన్ చేస్త, ఏమనుకోకు," అన్నాడు జంగు. మూడు టీవీలు గుమ్మం దగ్గరికి తెప్పించి, వాటిని రోడ్డుకు ఎదురుగా కాకుండా పక్కకు తిప్పించాడు. తర్వాత రోడ్డు దాటి చాయ్ హోటల్ ముందున్న బల్ల ఎక్కి, తువ్వాల మడిచి తల కింద పెట్టుకుని, ఒక పక్కకు ఒత్తిగిలి పడుకున్నాడు.

హోటలతను గ్లాసుతో నీళ్లు పట్టుకొచ్చాడు. "అన్నా, కండ్లు తిరుగుతున్నయా?"

"తిరుగుత లేవ్. నువ్వు జర పక్కకు జరుగు, టీవీ కనవడ్త లేదు."

ఆగిన బస్సులోంచి జనం తొంగిచూశారు. ఆశకు సిగ్గేసి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కానీ భర్త ఎందుకు పడుకున్నాడో ఆమెకు తెలుసు కనుక ఎక్కువసేపు సిగ్గుపడలేకపోయింది. గుమ్మంలోకి వచ్చి రెండు చేతులూ చాచి నిలబడింది.

"ఏమయ్యా, నేను కిటికీ అనుకో. నా చేతుల కిందికెల్లి సూడు!"

మొదటిదానిలో మనుషుల మొహాలు మసిబారాయి. రెండోదానిలో తెల్లగా వెలిసిపోయాయి. మూడోది పెట్టగానే జంగు మోచేతి మీద లేచాడు. మళ్లీ పడుకుని చూశాడు. తల ఇంకా కిందికి దించి చూశాడు.

"ముక్కుపుల్ల కనవడుతుంది!" అని అరిచాడు అక్కడి నుంచే. "ఆశా, ముక్కుపుల్లల రాయి గూడ కనవడుతుంది!"

దానికి గోడకు బిగించే ఇనుప చెయ్యి ఒకటి ఉంటుందని మోయిజ్ చెప్పాడు. ముందుకు గుంజి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. జంగు దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఎక్కడ వదిలితే అక్కడ నిలిచింది. పానా తిప్పిన చేతికి ఆ బిగువు బాగా నచ్చింది.

"ఆగుదమా మల్ల?" అంది ఆశ, అతని మొహంలోకే చూస్తూ.

"ఆగేది అయిపోయింది. కట్టు మోయిజ్‌భాయ్."

ఇనుప చెయ్యి బిగించడానికి మనిషి రేపు వస్తాడు. టీవీని మాత్రం జంగు వదిలి రాలేదు. ఈ సాయంత్రానికి స్టూలు మీదే నిలబెట్టి చూపించవచ్చు. ఆటోలో పెట్టెను ఇద్దరి మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని కూర్చున్నారు. వాన వెలిసింది. రోడ్డుకు రెండు పక్కలా నాట్లు సగం పడిన మళ్లు, నీళ్లు నిండి మెరుస్తున్నాయి. జంగుకు ఒళ్లంతా సంతోషంగా ఉంది. ఇన్నేళ్లు ఆగింది మంచికేనని, తొందరపడి ఏ నీడల టీవీనో కొని ఉంటే ఏమయ్యేదని ఆశకు రెండుసార్లు చెప్పాడు. సోమక్కకు మాత్రం ముందుగా ఏమీ చెప్పకూడదు. ఏడు కాగానే తిప్పాలి, అంతే.

"రేపు పొద్దుగాల ఏమంటదో ఎర్కేనా?" అన్నాడు. "ఏందిరా, అందరు ఒక్క దినంల గంత లావైండ్రు అంటది."

"చిన్నకోడలు తాళంచెవులు గుంజుకుని అందరికి కడుపునిండ బువ్వ పెట్టింది అంటది," అంది ఆశ.

ఇద్దరూ నవ్వారు. ఆటో నడిపేవాడు అద్దంలో చూసి, ఏమీ అర్థం కాక తనూ నవ్వాడు.

అయిదు దాటాక ఆటో ఏడో వాడలోకి తిరిగి, జంగు ఇంటిముందు ఆగింది. ఇంజను చప్పుడు తగ్గగానే జంగు చెవి తనంతట తనే కిందికి వంగింది. నేల కింద పైపులో నీళ్లు పోతున్నాయి. సన్నగా కాదు, నాలుగు చుట్ల ధారగా పోతున్నాయి.

పైపు పగిలిందేమో అనుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ కోరనిది కోరుకున్నాడు, పైపు పగిలి ఉండాలని. కానీ అతని చెవి అబద్ధం చెప్పదు.

గుంత దగ్గర పంచాయతీ బంట్రోతు రామయ్య రెండో పానా పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. నల్లాలన్నీ బిందెల్లోకి పారుతున్నాయి.

"మధ్యాహ్నం రేఖ బువ్వ తీసుకపోతే లేవలేదు," అన్నాడు రామయ్య లేచి. "నిద్రల్నే పోయింది. నువ్వు లేవని నేనే ఇడిసిన."

"మంచిగ చేసినవ్," అన్నాడు జంగు.

పెట్టెను అతనూ ఆశా చెరో పక్క పట్టుకుని ఇంట్లోకి తెచ్చి, వడ్ల గుమ్మీకి ఆనించారు. స్టూలు మీద పాత టీవీ నిన్న తిప్పినట్టే, కిటికీ వైపు తిరిగి ఉంది. ఆశ దాని మీద చెయ్యి వేసి ఏడ్చింది. జంగు బయటికొచ్చి గుంత పక్కన, ఎప్పుడూ మోకరిల్లే చోటే కూలబడ్డాడు. పొద్దున్న ఆ చాయ్ గ్లాసు చూసి కూడా ఎండ కొడితే సర్దుకుంటుందన్న తన మాట గుర్తొచ్చి, తన మీద తనకే కోపం వచ్చింది, ఆపుకోలేని దుఃఖం వచ్చింది.

"గంట దాటింది," అన్నాడు రామయ్య కాసేపటికి. "బంద్ చేద్దునా?"

"నడువనీ. అందరి తానాలు అయ్యేదాక నడువనీ."

సోమక్కను వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. రేఖ బిందె అందిస్తే జంగు లేచి వెళ్లి, ఆమె పాదాల మీద నీళ్లు పోశాడు. మంచాన్ని ఎవరో ఎత్తి పక్కకు తీసుకెళ్లి గోడకు నిలబెట్టారు. ఖాళీ అయిన వసారాలో ఇప్పుడు మిగిలినవి రెండేసి చొప్పున పేర్చిన ఆ నాలుగు ఇటుకలే. మంచంకోళ్లు నాలుగేళ్లు ఒత్తిన చోట గుండ్రంగా గుంటలు పడి, అవి జంగు కిటికీకి ఎదురుగా అలాగే ఉన్నాయి.