కుట్టు పడని డొక్క

దర్జీకి ఒకటి కాదు, రెండు వచ్చాయి. పెద్దపేగులో ఒకటి, కుడి ఊపిరితిత్తిలో ఒకటి. ఒకదాన్నుంచి ఇంకోటి పాకలేదనీ, వేటికవే పుట్టిన వేరువేరు కేన్సర్లనీ పెద్ద డాక్టరు చెప్పాడు. మూలిగే నక్క మీద తాటిపండు పడడమంటే ఇదే. ఒకే మత్తులో రెండూ తీసేస్తామన్నాడు. పొట్ట మీద ఒక కోత, కుడి డొక్కలో ఒక కోత అని వేలితో గీసి చూపించాడు. గుండె తట్టుకోకపోతే మాత్రం పొట్టతో ఆపేయాల్సి వస్తుందనీ, మళ్లీ మత్తివ్వడం కుదరకపోవచ్చనీ దాచకుండా చెప్పాడు. దర్జీ ఆ గీతల్ని శ్రద్ధగా చూశాడు. నలభై ఏళ్లుగా సుద్దముక్కతో తను చేసిందీ ఆ పనే.

దుకాణంలో ఆయనకొక పాడు అలవాటు ఉండేది. కొందరు మహానుభావులు బాగానే ఉన్న చొక్కాను వెనక్కి తెచ్చి, చంకలో పట్టేస్తోందని పేచీ పెట్టేవారు. ఆయన సూదైనా ముట్టకుండా దాన్ని ఇస్త్రీ చేసి, వదులు చేశానని ఇచ్చేవాడు. వాళ్లు తొడుక్కుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి, ఇప్పుడు సరిగ్గా సరిపోయిందనేవారు. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, మొగుడూ పెళ్లాం కడుపుబ్బ నవ్వుకునేవారు.

ఆపరేషనైన మూడో రోజు పొద్దున ఆయనకు తెలివి పూర్తిగా వచ్చింది. భార్య పక్కనే కూర్చుని ఉంది. ఇంటికెళ్లే రోజు తొడగడానికని ఇస్త్రీ చేసిన ఆయన చొక్కా ఒళ్లో పెట్టుకుంది. కళ్లు వాచి ఉన్నాయి.

"రెండూ తీసేశారు," అంది.

ఆయన చెయ్యి దుప్పటి కిందికి పోయింది. పొట్ట మీద జానెడు కట్టు తగిలింది. అక్కణ్ణించి మెల్లగా కుడి డొక్క మీదికి జరిగింది. అక్కడ కట్టు లేదు, గాటు లేదు, ఎప్పటి చర్మమే ఉంది.

ఆమె ఆ చేతినే చూస్తోంది. "ఊపిరితిత్తిది కుట్టు పడకుండా లోపల్నుంచే లాగేశారంట. ఇప్పుడంతా అలాగేనంట," అంది గబగబా.

కోత గురించి దర్జీకి చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. ఆయనకు విషయం అర్థమైంది. చచ్చేంత భయం వేసింది, కోపం కూడా వచ్చింది. నిజం చెప్పమని గద్దించబోయి ఆమె చేతులకేసి చూశాడు. నలగని చొక్కాను అవి మళ్లీ మళ్లీ సాపు చేస్తున్నాయి.

చెయ్యి దుప్పటిలోంచి బయటికి తీశాడు.

"ఇప్పుడు సరిగ్గా సరిపోయింది," అన్నాడు.

ఆ మాట ఎవరిదో ఆమెకు తెలుసు. ఇద్దరూ నవ్వలేదు.