తెల్ల బేసిన్‌లో తేట నీళ్లు

నేనొక తెల్ల బేసిన్‌ని. ఇనుప రేకును వంచి, పైన పింగాణీ పూత పూసి ఏలూరు బజారుకు పంపారు. ఏ పెళ్లివారింటికో వెళ్లి పులుసు మోయాలని నా ముచ్చట. నా రాత వేరుగా ఉంది. కొల్లేటి ఒడ్డున చేపపిల్లల హేచరీ నడిపే పెద్దిరాజు నన్ను కొన్నాడు.

చేపపిల్లల బేరం నేను లేనిదే సాగదు. పిల్లలను నీళ్లతో సహా నాలో పోసి చేత్తో ఒకసారి గిర్రున తిప్పుతారు. సత్తా ఉన్నవి సుడికి ఎదురీది అంచుకు చేరతాయి. నీరసపడ్డవి నడిమికి పోగవుతాయి. నేను తెల్లగా ఉండబట్టి ఏదీ దాగదు. ఒకరి మాట ఒకరు నమ్మని మనుషులు నన్ను మాత్రం నమ్మేవారు. అందుకు కాస్త మిడిసిపడ్డాను కూడా.

పెద్దిరాజు భార్య హైమకు గుడ్లు చూడడమంటే ప్రాణం. సగ్గుబియ్యంలా ఉబ్బిన శీలావతి చేప గుడ్లను నాలో వేసుకుని కూర్చునేది. లోపల రెండు నల్లటి చుక్కల కళ్లు, మెలికలు తిరిగే తోక. "మావా, ఇదిగో కదిలింది!" అని పిలిచేది. అప్పటికి ఆమె కడుపులోనూ ఒక బిడ్డ కదులుతోంది.

కాలువ ఎగువన రసాయనాల ఫ్యాక్టరీ వచ్చిన ఏడాది అది. నీళ్లు చూడబోతే తేటగానే ఉన్నాయి. గుడ్లు మాత్రం పాలిపోయాయి. చాలావాటిలో తోక ఆడలేదు. బయటపడ్డ పిల్లల నడుములు కొడవళ్లలా వంగి, పొట్టలు ఉబ్బి ఉన్నాయి. ఒకదానికి ఒక కన్నే లేదు. హైమ అదే తల్లి గుడ్లు కొన్ని వాననీళ్లలో వేసి చూసింది. అవి నిటారుగా పుట్టి ఈదాయి. ఇనుముకూ ఒళ్లు జలదరిస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

పెద్దిరాజు ఒక ఉపాయం కనిపెట్టాడు. నీళ్లు మార్చడం చేతకాక బేసిన్‌ను మార్చాడు. ముదురు నీలం ప్లాస్టిక్ టబ్బు తెచ్చాడు. అందులో నడుము వంగినదీ తెలియదు, నడిమికి చేరినదీ తెలియదు. నన్ను వంటింట్లోకి తోశాడు. బియ్యం కడగడం నా కొత్త ఉద్యోగం. కడిగేది ఆ కాలువ నీళ్లతోనే, ఇంటిల్లిపాదీ తాగేదీ అవే.

ఒక మధ్యాహ్నం చేపపిల్లలు కొనడానికి ఒక చెరువు రైతు వచ్చాడు. "మా చేప సీడుకేం ఢోకా లేదండీ" అంటూ పెద్దిరాజు నీలం టబ్బు ముందుకు జరిపాడు. హైమ నన్ను చంకన పెట్టుకుని వచ్చింది. టబ్బులోంచి పిల్లలను నాలోకి ఒంపి, చేత్తో గిర్రున తిప్పింది. అన్నీ నడిమికే చేరాయి. అంచుకు ఒక్కటీ రాలేదు.

"ఏం పనే ఇది?" పెద్దిరాజు పళ్లు కొరికాడు.

"ఈ నీళ్లే నేనూ తాగుతన్నాను మావా," అంది హైమ. ఆమె చెయ్యి కడుపు మీద ఉంది. "రేపు నా బిడ్డ ఇలా పుడితే ఏ టబ్బులో దాత్తావు?"

రైతు లేచి వెళ్లిపోయాడు. పెద్దిరాజు నావైపు చూస్తూ కూలబడ్డాడు. మర్నాడే ఆమెను పుట్టింటికి, మంచినీళ్లున్న మెట్ట ఊరికి దిగబెట్టి వచ్చాడు.

హేచరీ మూతపడింది. ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది. పెద్దిరాజు అప్పుడప్పుడు నన్ను కాలువ నీళ్లతో నింపి, అలా చూస్తూ కూర్చుంటాడు. తేటగానే ఉంటాయి. ఏ చేపపిల్ల సంగతైనా ఒక్క తిప్పులో చెప్పినదాన్ని, ఆ ఒక్క బిడ్డ మాట తలచుకుంటే భయమేస్తుంది. పురిటి కబురు ఇంకా రాలేదు.